నెల్లూరు, ఒంగోలు వైపు పచ్చళ్ళ వ్యాపారం పెట్టాలంటే ఏ కాగితం ముందు, ఏ కాగితం వెనక?

మా అత్తగారు రొయ్యల పచ్చడి పెడితే వీధి చివరిదాకా వాసన. మొదట చుట్టాలకి ఇచ్చేవాళ్ళం. తర్వాత తెలిసినవాళ్ళు డబ్బులిచ్చి మరీ తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఓ ఏడాది గడిచేసరికి నెలకి ముప్పై నలభై కేజీల దాకా వెళ్తోంది. అప్పుడు గాని మాకు భయం పుట్టలేదు. ఇది వ్యాపారమే కదా, దీనికి లైసెన్సు గట్రా ఏమైనా ఉండాలా అని ఇంట్లో చర్చ మొదలైంది. ఆ పని నా నెత్తిన పడింది. దర్గామిట్ట నుంచి స్టోన్‌హౌస్‌పేట దాకా నెల్లూరులో నేను ఎక్కని ఆఫీసు మెట్లు తక్కువే.

తిరిగిన తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, చిన్న వ్యాపారానికి కావాల్సిన కాగితాల్లో విడిగా చూస్తే ఏదీ కష్టం కాదు. చాలావరకు ఖర్చూ తక్కువే. ఇబ్బంది పెట్టేవి రెండే రెండు. ఒకటి, ఏది ముందు ఏది వెనక అన్న వరస తెలియకపోవడం. రెండోది, ఒక్కో కాగితం మీద ఒక్కో పేరు, ఒక్కో చిరునామా ఉండటం. ఈ రెండూ ముందే సరిచేసుకుంటే మిగతా పనిలో సగం టెన్షన్ పోతుంది. అందుకే పచ్చళ్ళు, పొడుల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుని, నేను నడిచిన దారిని వరసగా రాస్తున్నాను. టిఫిన్ సెంటరో, కర్రీ పాయింటో పెట్టేవాళ్ళకి ఎక్కడ తేడా వస్తుందో కూడా మధ్యలో చెబుతాను.

అన్నిటికంటే ముందు: పేరు, చిరునామా

ఏ వెబ్‌సైటూ తెరవకముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. దాని మీద వ్యాపారం పేరు, యజమాని పేరు, పూర్తి చిరునామా రాయండి. ఇకమీదట ప్రతి దరఖాస్తులో ఇదే రాత, అక్షరం కూడా మారకూడదు. మా విషయంలో అత్తగారి ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాన్ కార్డులో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంది. ఆధార్‌లో డోర్ నంబరుకి అడ్డగీతలు, కరెంటు బిల్లులో ఏటవాలు గీతలు, ఇంటి పన్ను రసీదులో ఏకంగా పాత డోర్ నంబరు. బ్యాంకులో కౌంటరు దగ్గరున్నాయన మూడూ పక్కపక్కన పెట్టి, “అమ్మా, వీటిలో నేను ఏది నమ్మాలి?” అని అడిగాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆధార్, పాన్‌లో పేరు ఒకేలా ఉండేట్టు మార్పించడానికే మాకు మూడు వారాలు పట్టింది. ఆ పని మొదటే చేసుకుని ఉంటే మిగతావన్నీ ఆ మూడు వారాల్లో అయిపోయేవి.

మన రెండు జిల్లాలవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారాయి. గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకి వెళ్ళాయి. చీరాల, అద్దంకి ప్రకాశం నుంచి బాపట్లకి, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి మారాయి. ఆ తర్వాత కూడా మార్పులు జరిగాయి. మీ ఆధార్‌లో పాత జిల్లా పేరే ఉండొచ్చు. దరఖాస్తులో మాత్రం మీ ఊరు ఈరోజు ఏ జిల్లాలో ఉందో అదే ఎంచుకోవాలి. తప్పు జిల్లా ఎంచుకుంటే దరఖాస్తు అక్కడి అధికారి లాగిన్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. మీరు ఇక్కడ ఎదురుచూస్తూ ఉంటారు.

చిరునామాకి రుజువు మాట. సొంత ఇల్లయితే ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు చాలు. ఇల్లు మామగారి పేరు మీదో, అన్నగారి పేరు మీదో ఉంటే, ఫలానా గదిలో ఫలానావాళ్ళు వ్యాపారం చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని వాళ్ళ చేత సమ్మతి పత్రం రాయించుకోవాలి. అద్దె గది అయితే అగ్రిమెంటు కావాలి. ఆ అగ్రిమెంటులో ‘వ్యాపారం కోసం’ అనే మాట తప్పక ఉండాలి. ‘నివాసం కోసం’ అని రాసిన అగ్రిమెంటు తీసుకెళ్తే మళ్ళీ రాయించుకు రమ్మంటారు. అడ్వాన్సు ఇవ్వకముందే ఓనరుతో ఈ మాట మాట్లాడుకోండి. అడ్వాన్సు చేతిలో పడ్డాక కొందరు సంతకానికి వెనకాడతారు.

ఒక్కరే యజమాని అయితే కంపెనీలు, పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లు ఏమీ అక్కర్లేదు. మీ పాన్ కార్డే వ్యాపారం పాన్ కార్డు. మొదలుపెట్టేవాళ్ళకి ఇదే మేలని నా అభిప్రాయం. ఎవరో చెప్పారని ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి, ఆడిటర్ ఫీజులకే లాభం సరిపోయినవాళ్ళని చూశాను.

కరెంటు, గ్యాసు

వీటిని ఎవరూ లైసెన్సుల లెక్కలో చెప్పరు గానీ, చిన్న వ్యాపారులకి మొదట దెబ్బ తగిలేది ఇక్కడే. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద దాన్ని అనధికార వాడకంగా లెక్కగట్టి, వర్తించే రేటుకి రెట్టింపు వేస్తారు. మిక్సీ, గ్రైండరు, డీప్ ఫ్రీజరు పెట్టే గదికి విడిగా మీటరు పెట్టించుకోవడమే మంచిది. నెల్లూరు జిల్లావాళ్ళకి తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ సంస్థ. ఒంగోలు వైపు మాత్రం విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కమ్. దరఖాస్తు చేసేటప్పుడు మీ బిల్లు మీద ఏ పేరుందో చూసుకుని ఆ సైటుకే వెళ్ళండి.

గ్యాసూ అంతే. 14.2 కేజీల ఇంటి సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు. 19 కేజీల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. రేటు ఎక్కువే, కాదనను. కానీ తనిఖీలో ఇంటి సిలిండర్ పట్టుకుంటే సరుకుతో పాటు మీ మాటకున్న విలువ కూడా పోతుంది.

మొదటి రిజిస్ట్రేషన్: ఉద్యం

సూక్ష్మ, చిన్న, మధ్య తరహా వ్యాపారాల కోసం కేంద్రం 2020 జులై 1న మొదలుపెట్టిన రిజిస్ట్రేషన్ ఇది. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని అరగంటలో అవుతుంది. ఏ పత్రమూ అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఫీజు లేదు, ఒక్క రూపాయి కూడా. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మేము ఇదే పనికి ఒకతనికి మూడు వేలు ఇచ్చుకున్నాం. ఫోన్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించే పేజీ వచ్చింది. పైన మూడు సింహాల బొమ్మ, కింద డబ్బు కట్టమనే బటన్. కట్టేశాం. సర్టిఫికెట్ వచ్చింది, నిజమైనదే. అతను చేసిందల్లా మన వివరాలు తీసుకుని అసలు సైటులో నింపడమే. మీరు మాత్రం చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ అని ఉందో లేదో చూశాకే ఒక్క అక్షరమైనా టైపు చేయండి. ఈ అలవాటు మిగతా చాలా దరఖాస్తులకీ పనికొస్తుంది.

ఉద్యం నింపేటప్పుడు మీ పని తయారీనా, సేవా, అమ్మకమా అని అడుగుతుంది. పచ్చళ్ళు మీరే పెడుతుంటే తయారీ. వేరేవాళ్ళ దగ్గర కొని అమ్మితే అమ్మకం. రెండూ ఉంటే రెండూ పెట్టొచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవరు, అంటే ఏడాది మొత్తం అమ్మకాలు, 10 కోట్లు దాటనివన్నీ సూక్ష్మ సంస్థలే. అంటే మనలాంటివాళ్ళమంతా అందులోనే. ఈ సర్టిఫికెట్ దగ్గరుంటే బ్యాంకు లోను, సబ్సిడీ పథకం, ట్రేడ్‌మార్కు ఫీజులో రాయితీ అన్నిటికీ దారి తెరుచుకుంటుంది. అందుకే దీన్ని మొదట పెట్టాను.

అసలు లైసెన్సు: ఎఫ్ఎస్ఎస్ఏఐ

ఎఫ్ఎస్ఎస్ఏఐ అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ. తినేది ఏది అమ్మినా దాని అనుమతి తప్పదు. ఇంట్లో పెట్టి అమ్మే పచ్చడికీ, మైపాడు బీచ్‌లో బండి మీద వేసే బజ్జీకీ, ట్రంకు రోడ్డు మీది పెద్ద హోటల్‌కీ 2006 నాటి ఆహార భద్రత చట్టం ఒక్కటే. తేడా అంతా స్థాయిలో ఉంది. 2011 నిబంధనలు మొదట గీసిన గీత ప్రకారం ఏడాది టర్నోవరు 12 లక్షల లోపు ఉన్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ సరిపోయేది. గీత దాటితే రాష్ట్ర లైసెన్సు, ఇంకా బాగా పెద్దవాటికి కేంద్ర లైసెన్సు. రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఈ అంకెల్ని ప్రభుత్వం అప్పుడప్పుడు సవరిస్తుంది కాబట్టి, దరఖాస్తు చేసే రోజు పోర్టల్ ఏం చూపిస్తే అదే లెక్క. ఆ పోర్టల్ పేరు ఫాస్కోస్.

మన టర్నోవరు ఎంతో మనమే అంచనా వేసి చెప్పాలి. ఇక్కడ కొందరు పెద్దగా కనిపించాలని లైసెన్సుకి వెళ్తారు. తొందరపడొద్దు. లైసెన్సుకి వంటగది ప్లాను, నీళ్ళ పరీక్ష రిపోర్టు, యంత్రాల జాబితా లాంటివన్నీ కావాలి. రిజిస్ట్రేషన్‌కి ఫోటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువుతో పని అవుతుంది. వ్యాపారం పెరిగాక లైసెన్సుకి మారొచ్చు.

దరఖాస్తులో ఎక్కువమంది పొరపాటు చేసేది ఏ పదార్థాలు తయారు చేస్తారు అన్న చోట. ‘పచ్చళ్ళు’ అని ఒక్కటి పెట్టి వదిలేస్తారు. కానీ ఆహార వర్గాలలో మామిడి, నిమ్మ, ఉసిరి లాంటి కాయల పచ్చళ్ళు 4వ వర్గంలోకి వస్తాయి. రొయ్యలు, చేపలతో చేసినవి 9వ వర్గం. కారం, మసాలా పొడులు 12వ వర్గం. ఆవకాయకి మాత్రమే రిజిస్ట్రేషన్ తీసుకుని రొయ్యల పచ్చడి అమ్మితే, రొయ్యల పచ్చడికి మీ దగ్గర కాగితం లేనట్టే. నెల్లూరులో పచ్చళ్ళ వ్యాపారం పెట్టి రొయ్య జోలికి పోకుండా ఉండేవాళ్ళు ఎవరు చెప్పండి? వచ్చే ఏడాదిలో చేద్దామనుకున్నవి కూడా ఇప్పుడే పెట్టేయండి.

దరఖాస్తు పెట్టిన 7 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం చెప్పి తిప్పి పంపాలి, లేదా తనిఖీకి వస్తామని చెప్పాలి. తనిఖీ అంటే కంగారు పడక్కర్లేదు. నిబంధనల్లోని షెడ్యూల్ 4లో ఉన్నవి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాటలే. గోళ్ళు కత్తిరించుకోవాలి, జుట్టుకి టోపీ ఉండాలి, చెత్తబుట్టకి మూత ఉండాలి, పచ్చి రొయ్యలు ఒలిచే చోటు, తయారైన పచ్చడి సీసాలకెత్తే చోటు వేరుగా ఉండాలి, ఎలుకలు, బొద్దింకలు రాకుండా కన్నాలు మూయాలి. పనివాళ్ళకి అంటురోగాలు లేవని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. కాయల పచ్చళ్ళకి ఉన్న ప్రమాణం చదివినప్పుడు నాకు భలే సంతోషమేసింది. నూనె పచ్చడిలో ముక్కలు నూనెలో మునిగి ఉండాలి అని అందులో ఉంది. మా అత్తగారు నలభై ఏళ్ళుగా ‘ముక్క మునిగిందా లేదా చూడు’ అంటూ జాడీలో గరిటె పెట్టి అదిమేది సరిగ్గా అందుకే. కారంలో మాత్రం రంగు కలవకూడదు. బయట పట్టించిన కారం ఎరుపు చూసి మురిసిపోవద్దు. మిరపకాయలు తెచ్చి కళ్ళముందు పట్టించుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక 14 అంకెల నంబరు ఇస్తారు. సర్టిఫికెట్ వచ్చినవాళ్ళకి కనిపించేలా గోడకి పెట్టాలి. ఫుడ్ డెలివరీ యాప్‌లో చేరాలన్నా మొదట ఆ నంబరే అడుగుతారు.

ఊరి అనుమతి: ట్రేడ్ లైసెన్సు

నెల్లూరు, ఒంగోలు నగరాల్లో అయితే కార్పొరేషన్. కావలి లాంటి చోట మునిసిపాలిటీ. ఇందుకూరుపేటలోనో, కొత్తపట్నంలోనో పెడితే పంచాయతీ. పట్నాల్లో దరఖాస్తు మీ వార్డు సచివాలయంలో ఇవ్వొచ్చు, పురపాలక శాఖ సైటులోనూ పెట్టొచ్చు. నేనైతే సచివాలయానికే వెళ్ళాను. ఎందుకంటే చూడటానికి వచ్చేది కూడా అక్కడివాళ్ళే. ముఖం తెలిస్తే, ఏదైనా తక్కువైతే ఫోన్ చేసి చెబుతారు. ఫీజు మీ వ్యాపారం రకాన్ని, గది విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. ఇంటి పన్ను బకాయి ఉంటే ముందు అది కట్టమంటారు కాబట్టి, అద్దె గది అయితే ఓనరుని కనుక్కోండి. లైసెన్సు ఆర్థిక సంవత్సరం లెక్కలో నడుస్తుంది. ఫిబ్రవరిలో తీసుకుంటే మార్చి 31కే గడువు అయిపోతుంది. వీలైతే ఏప్రిల్‌లో మొదలుపెట్టుకోండి.

రోడ్డు పక్కన బండి పెట్టేవాళ్ళకి దారి వేరు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కింద పట్నంలో వెండింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటే ఇష్టమొచ్చినట్టు బండి తీయించడం కుదరదు. తినేవి అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ బండికీ కావాలి.

పనివాళ్ళుంటే

దుకాణాలు, సంస్థల చట్టం 1988 కింద కార్మిక శాఖలో నమోదు ఉంటుంది. వ్యాపారం మొదలైన 30 రోజుల్లో చేయాలి. మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి ఆఫీసులో ఒకసారి మాట్లాడితే మీకు ఎంతవరకు వర్తిస్తుందో చెబుతారు. బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలి. ఇంకో భాష కూడా రాస్తే, దాన్ని తెలుగు పేరుకి దిగువన రాయాలి. జీతం నెలకి 15 వేలు దాటినవాళ్ళకి వృత్తి పన్ను పట్టుకుని కట్టాలి. 20 వేల దాకా 150, ఆపైన 200 రూపాయలు. 10 మంది పనివాళ్ళు అయ్యేసరికి ఈఎస్ఐ, 20 మంది అయ్యేసరికి పీఎఫ్ వస్తాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో నడిపే పచ్చళ్ళ యూనిట్‌కి ఇప్పట్లో ఆ గొడవ లేదు.

కాటా, సీసా మీద చీటీ

ఇక్కడ కాస్త ఆగి చదవండి. లైసెన్సులన్నీ ఉండి కూడా జరిమానా కట్టినవాళ్ళు ఎక్కువగా కట్టేది దీనికే.

తూకం వేసి అమ్మేవాళ్ళు కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా వేయించాలి. ముద్ర వేసే రోజు నేను మా కాటా తీసుకుని వెళ్ళాను. ఆయన పెట్టెలోంచి మెరిసే ఇత్తడి రాళ్ళు తీసి ఒక్కొక్కటే పళ్ళెంలో పెట్టాడు. 200 గ్రాములు సరిపోయింది, 500 సరిపోయింది. కిలో రాయి పెట్టేసరికి 994 చూపించింది. అంటే మేము అన్నాళ్ళూ కిలోకి ఆరు గ్రాములు ఎక్కువే ఇస్తున్నాం. కొన్నవాళ్ళకి నష్టం లేదు కాబట్టి మనసు కుదుటపడింది. కానీ అదే రెండో వైపు తేడా ఉంటే? మెకానిక్ చేత సరిచేయించాక తీగకి సీసపు బిళ్ళ నొక్కి, దాని మీద ఏడాది, ఆ ఏడాదిలో ఎన్నో త్రైమాసికమో తెలిపే అక్షరం వేశాడు. ఆ బిళ్ళ తెగకుండా చూసుకోవాలి. తెగితే ముద్ర లేనట్టే.

ముందే సీసాల్లో, ప్యాకెట్లలో నింపి అమ్మేవాళ్ళకి ఇంకో నమోదు ఉంది. ప్యాక్ చేసిన వస్తువుల నిబంధనలు 2011 ప్రకారం ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో ప్యాకర్‌గా నమోదు చేసుకోవాలి. ఫీజు 500. ఇది అదే తూనికలు కొలతల శాఖ దగ్గర.

ఇక చీటీ. మేము మొదట వెయ్యి లేబుళ్ళు కొట్టించాం. అందమైన తెలుగులో, కింద రొయ్య బొమ్మతో. వాటిలో ఒక్కటీ వాడలేకపోయాం. కారణం, తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. తెలుగు అదనంగా ఎంతైనా వేసుకోవచ్చు, కానీ తెలుగు ఒక్కటే అయితే చెల్లదు. ఈ సంగతి ప్రింటింగ్ ప్రెస్సువాళ్ళు చెప్పరు. కాబట్టి ప్రెస్సుకి వెళ్ళేముందు మీ 250 గ్రాముల సీసా మీద ఇవన్నీ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూసుకోండి.

పదార్థం పేరు. దినుసుల జాబితా, బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక. అంటే రొయ్యలు, నూనె, కారం, ఉప్పు, అల్లంవెల్లుల్లి అలా దిగుతూ రావాలి. పోషక విలువల పట్టిక. నికర బరువు. తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ. బ్యాచ్ నంబరు. తయారీదారు పేరు, పూర్తి చిరునామా. ఎఫ్ఎస్ఎస్ఏఐ ముద్ర, 14 అంకెల నంబరు. అన్ని పన్నులతో కలిపి గరిష్ట ధర. దాని పక్కనే గ్రాము ధర. సీసా 200 రూపాయలైతే గ్రాము 80 పైసలు అని రాయాలి. ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, ఈమెయిల్. శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. మాంసాహారమైతే గోధుమరంగు చదరంలో అదే రంగు త్రికోణం. పాత లేబుళ్ళలో ఎర్రగా కనిపించే గుండ్రటి చుక్కని చూసి కాపీ కొట్టకండి.

వీటన్నిటిలో నేను ఎక్కువ పట్టించుకునేది అలెర్జీ హెచ్చరిక. రొయ్య, పీత జాతి, చేప, గుడ్డు, పాలు, వేరుశనగ, గోధుమ లాంటివి ఉంటే ‘ఇందులో రొయ్యలు ఉన్నాయి’ అని విడిగా రాయాలి. రొయ్య పడనివాళ్ళకి ఒక్క ముద్దతో ఊపిరి ఆడకుండా పోవచ్చు. రొయ్యలకి వాడిన గరిటెతోనే గోంగూర కలిపితే గోంగూర సీసా మీద కూడా ‘రొయ్యలు ఉండొచ్చు’ అని రాయాలి. మేమైతే గరిటెలు, బేసిన్లు రెండు సెట్లు పెట్టుకున్నాం. రొయ్యలవాటికి పిడి మీద ఎర్ర టేపు చుట్టాం.

జీఎస్టీ: మద్రాసు, హైదరాబాద్ చిక్కు

మన రాష్ట్రంలో వస్తువులు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హోటల్, టిఫిన్ సెంటర్ లాంటివాటికి ఆ గీత 20 లక్షలు. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది తర్వాతది. వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మితే ఈ మినహాయింపు లేదు. జీఎస్టీ చట్టంలో 24వ సెక్షన్ కింద మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇది మన ప్రాంతానికి బాగా తగిలే విషయం. నెల్లూరు నుంచి మద్రాసు మూడు గంటల రైలు. మన పిల్లలు సగం మంది అక్కడే. పచ్చడి రుచి చూసిన మొదటి బయట ఆర్డరు అక్కడినుంచే వస్తుంది. ఒంగోలు, కనిగిరి వైపువాళ్ళకి హైదరాబాద్ నుంచి వస్తుంది. హైదరాబాద్ అంటే మనకి ఇంకా మన ఊరే అనిపిస్తుంది గానీ, 2014 జూన్ 2 నుంచి పన్ను లెక్కలో అదీ వేరే రాష్ట్రమే. మనవాళ్ళే కదా అని కొరియర్లో పది సీసాలు పంపి డబ్బు తీసుకుంటే అది అంతర్రాష్ట్ర అమ్మకం. వాళ్ళే మీ దగ్గరికి వచ్చి కౌంటరులో కొనుక్కుని తీసుకెళ్తే మాత్రం అది ఇక్కడి అమ్మకమే. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఇదే: మీ ఆర్డర్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? అన్నీ మన రాష్ట్రంలోనివే అయితే నిదానంగా ఉండొచ్చు. మద్రాసు, బెంగళూరు, హైదరాబాద్‌కి పంపేదుంటే, పంపకముందే రిజిస్ట్రేషన్ తీసుకోండి.

రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వ ఫీజు లేదు. పాన్, ఆధార్, ఫోటో, చిరునామా రుజువు, బ్యాంకు వివరాలు సరిపోతాయి. కొందరిని వేలిముద్రల కోసం కేంద్రానికి రమ్మంటారు. రమ్మంటే అసలు పత్రాలు పట్టుకుని వెళ్ళండి. మన రాష్ట్రం నంబర్లు 37తో మొదలవుతాయి. వచ్చిన నంబరులో మొదటి రెండు అంకెలు అవేనా అని చూసుకోండి.

కాంపోజిషన్ స్కీమ్ గురించి అందరూ చెబుతారు. 1.5 కోట్ల లోపు టర్నోవరు ఉంటే తయారీదారులు 1 శాతం, హోటళ్ళవాళ్ళు 5 శాతం కట్టి ఊరుకోవచ్చు. లెక్కలు తేలిక. మూడు నెలలకోసారి కట్టడం, ఏడాదికోసారి రిటర్ను. కానీ ఆ స్కీమ్‌లో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, కొన్నవాళ్ళ దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు. మద్రాసు ఆర్డర్ల కోసం జీఎస్టీ తీసుకుని కాంపోజిషన్ ఎంచుకుంటే తీసుకున్న ప్రయోజనమే పోయినట్టు. ఊళ్ళో కర్రీ పాయింటుకి మాత్రం అది చక్కగా సరిపోతుంది.

నంబరు తీసుకున్నాక అమ్మకం లేని నెలలకి కూడా రిటర్ను వేయాలి. వేయకపోతే సున్నా రిటర్నుకి కూడా రోజుకి 20 రూపాయల ఆలస్య రుసుము. చూడటానికి చిన్నదే, ఆరు నెలలు మరిచిపోతే గుండె గుభేలుమంటుంది. రేట్ల సంగతికొస్తే, 2025 సెప్టెంబరు 22న చాలా మారాయి. 12 శాతంలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం 5 శాతంలోకి వచ్చాయి. ఎవరిదో పాత బిల్లు చూసి రేటు వేయకుండా, మీ సరుకు కోడ్‌తో సరిచూసుకోండి. దీనికొక్కదానికి మాత్రం మంచి ట్యాక్స్ ప్రాక్టీషనరుని పెట్టుకోవడం దండగ కాదు.

బ్యాంకు ఖాతా, పేరుకి రక్షణ

వ్యాపారానికి వాడే బ్యాంకు ఖాతాకి, అంటే కరెంట్ అకౌంటుకి, బ్యాంకువాళ్ళు వ్యాపారం పేరు మీద రెండు రుజువులు అడుగుతారు. ఉద్యం సర్టిఫికెట్ ఒకటి, మునిసిపాలిటీదో కార్మిక శాఖదో జీఎస్టీదో రెండోది. అందుకే ఖాతాని ఇంత వెనక పెట్టాను. మొదటే వెళ్తే ఉత్త చేతులతో తిరిగి వస్తారు. లోను కావాలంటే కేంద్రం వారి ముద్ర రుణ పథకంలో 50 వేల దాకా శిశు విభాగం, ఆపైన 5 లక్షల దాకా కిశోర్. సబ్సిడీ పథకాల్లో ప్రస్తుతం ఏవి నడుస్తున్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఏజెంటుని అడగకండి.

పేరు నలుగురి నోళ్ళలో పడిందనిపించినప్పుడు ట్రేడ్‌మార్కుకి వెళ్ళండి. ఉద్యం ఉన్నవాళ్ళకి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి 4,500, లేనివాళ్ళలో కంపెనీలకి 9,000. దరఖాస్తుకి ముందు అదే పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్కు సైటులోనే వెతికి చూసుకోవచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ‘నెల్లూరు పచ్చళ్ళు’ లాంటి ఊరి పేరు, సరుకు పేరు మాత్రమే కలిపిన పేర్లు దొరకడం కష్టం. మొదట పేరు పెట్టేటప్పుడే కాస్త వేరుగా ఆలోచించండి.

కాగితాలు వచ్చాక

ఒక ఫైలు కొనండి, ప్లాస్టిక్ కవర్లున్నది. ఒక్కో కవరులో ఒక్కో సర్టిఫికెట్, దాని వెనక కట్టిన రసీదు, మూడు జిరాక్సులు. ఫైలు అట్ట లోపలివైపు తేదీలు రాసి అంటించండి. ట్రేడ్ లైసెన్సుకి మార్చి 31. కాటా ముద్రకి వేయించిన తేదీ నుంచి ఏడాది. ఎఫ్ఎస్ఎస్ఏఐ పత్రం మీద గడువు తేదీ ఉంటే అది. జీఎస్టీ ఉంటే రిటర్నుల తేదీలు. ప్రతి దరఖాస్తుకీ ఇచ్చిన ఫోన్ నంబరు ఒకటే అయి ఉండాలి. అది ఇంట్లో ఎప్పుడూ ఉండేవాళ్ళ ఫోన్ అయితే మంచిది, ఎందుకంటే ఓటీపీలన్నీ దానికే వస్తాయి. మా ఇంట్లో అది అత్తగారి ఫోన్. ఓటీపీ వస్తే ఎవరికీ చెప్పకుండా నాకే చదివి వినిపించాలని ఆవిడకి నేర్పాను. ఇప్పుడు ఫైలు అట్ట మీద తేదీ దగ్గరపడితే ఆవిడే వంటింట్లోంచి కేకేసి గుర్తు చేస్తారు.